రాణుల జత: నిలబడాలా, పడేయాలా?

ఆరుగురు ఆడుతున్న ఆన్‌లైన్ పోకర్ బల్ల. మీకు ఇస్పేటు రాణి, ఆఠీను రాణి పడ్డాయి. అందరి దగ్గరా వెయ్యేసి చిప్స్ ఉన్నాయి. ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు, 5 ఒకటీ 10 ఒకటీ, బల్ల మీద ఉన్నాయి. మీకంటే ముందున్నతను 30 పెట్టాడు. మీరు దాన్ని 90 చేశారు. మిగతావాళ్లంతా ముక్కలు పడేశారు. ఆట మళ్లీ అతని దగ్గరికి వచ్చింది. అతను తన దగ్గరున్న వెయ్యి చిప్స్‌నూ ముందుకు తోసేశాడు. ఇప్పుడు మీరు ఇంకో 910 పెట్టి ముక్కలు చూపించమనాలా, 90 పోతే పోయిందని రాణులను పడేయాలా? తెర మీద గడియారం తిరుగుతోంది. మీకున్నది కొన్ని సెకన్లు.

కొత్తగా ఆడేవాళ్లు దీనికి తమ చేతిలోని ముక్కలను చూసి జవాబు చెబుతారు. ఆసులు, రాజుల తర్వాత రాణులదే పెద్ద జత, ఇంత మంచి చేయి ఎలా పడేస్తాం అంటారు. నా మాట వేరు. జత బలం ఆ రెండు ముక్కల్లో ఉండదు. ఎదుటి మనిషి ఏయే ముక్కలతో ఈ సాహసం చేస్తాడన్న లెక్కలో ఉంటుంది. ఆ లెక్క ఇంటర్మీడియట్ గణితం దాటదు. కాగితం మీద చేసి చూద్దాం.

ముందు ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట ఒకేసారి మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. చివరగా ఇంకొకటి, రివర్. ప్రతి దశలోనూ పందెం కాయొచ్చు, పెంచొచ్చు, పడేయొచ్చు. ఎవరి ఏడు ముక్కల్లోంచి మేలైన ఐదు వస్తే బల్ల మీది పందేల మొత్తం, అంటే పాట్, వాళ్లది. మొదట పంచిన రెండూ ఒకటే అయితే అది పాకెట్ పెయిర్. 52 ముక్కల్లోంచి రెండేసి తీస్తే 1326 జోడీలు వస్తాయి. వాటిలో 78 జతలు. అంటే 17 ఆటలకు ఒకసారి ఏదో ఒక జత పడుతుంది. ఫలానా జతే కావాలంటే, ఆసులైనా రాణులైనా, 221 ఆటలకు ఒకసారే.

ఇక లెక్క. బల్ల మీద ఇప్పుడు అతని 1000, మీ 90, పడేసినవాళ్ల తప్పనిసరి పందేలు 15, మొత్తం 1105 ఉన్నాయి. మీరు 910 కలిపితే పాట్ 2015 అవుతుంది. 910ని 2015తో భాగిస్తే 45 శాతం. వందసార్లు ఇదే పరిస్థితి వస్తే కనీసం 45 సార్లు గెలిచే చేయి అయితేనే మీరు నిలబడాలి. అంతకు తక్కువైతే పడేయడమే లాభం. సగం కంటే ఎక్కువ అవకాశం అవసరం లేదన్నది గమనించండి. బల్ల మీద ఇప్పటికే పడి ఉన్న చిప్స్ ఆ ఐదు శాతం వెసులుబాటు ఇచ్చాయి.

ఇప్పుడు ఎదుటివాడి చేయి ఊహించాలి. ఒక్క చేతిని ఊహించి దాని మీద పందెం కాయడం చాలామంది చేసే పని. "వీడి దగ్గర ఆసులే ఉన్నాయి" అనో, "ఉత్తుత్తి బెదిరింపే" అనో తేల్చేస్తారు. అనుభవజ్ఞులు ఒక గుంపును ఊహిస్తారు. దాన్ని రేంజ్ అంటారు. ఇతను చాలా జాగ్రత్తపరుడనుకుందాం. ఆసుల జత, రాజుల జత, ఒక ఆసు ఒక రాజు ఉన్న చేయి, ఈ మూడింటితో తప్ప వెయ్యి చిప్స్ తోసేయడు. ఆసుల జత ఎన్ని రకాలుగా రావచ్చు? ఇస్పేటు-ఆఠీను, ఇస్పేటు-కళావరు, ఇస్పేటు-డైమను, ఆఠీను-కళావరు, ఆఠీను-డైమను, కళావరు-డైమను. ఆరు రకాలు. రాజులూ ఆరే. ఆసు-రాజు మాత్రం నాలుగు ఆసుల్లో ఏదైనా, నాలుగు రాజుల్లో ఏదైనా కలవొచ్చు కనుక 16 రకాలు. మొత్తం 28.

ఆసుల మీదైనా రాజుల మీదైనా రాణులు గెలిచేది వందలో పద్దెనిమిది, పంతొమ్మిది సార్లు. ఆసు-రాజు మీద 56 సార్లు. పన్నెండు రకాలకు మొదటి సంఖ్య, పదహారు రకాలకు రెండో సంఖ్య వేసి సగటు తీస్తే 40 శాతం వస్తుంది. కావలసింది 45. అందువల్ల ఈ మనిషి మీద రాణుల జతను పడేయాలి. మనసు ఒప్పుకోదు, కానీ లెక్కకు మొహమాటం లేదు.

అతను అంత జాగ్రత్తపరుడు కాడనుకుందాం. జాకీల జతతోనూ రాణుల జతతోనూ కూడా ఇదే పని చేస్తాడు. రెండు రాణులు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి అతనికి రాణుల జత ఒకే ఒక్క రకంగా రాగలదు. జాకీలు ఆరు రకాలు. వాటి మీద మీరు వందలో 81 సార్లు గెలుస్తారు. మొత్తం 35 రకాల మీద సగటు 47 శాతానికి ఎక్కింది. ఇప్పుడు నిలబడాలి. పదుల జత కూడా అతని గుంపులో ఉంటే 52 శాతం.

ఈ లెక్కలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇదే. మీ ముక్కలు మారలేదు. పందెం మారలేదు. ఎదుటివాడి గుంపులోకి ఆరు జాకీల జతలు, ఒక రాణుల జత వచ్చి చేరేసరికి సరైన నిర్ణయం తలకిందులైంది. జాకీలతో ఈ మనిషి ఇంత దూరం వస్తాడా రాడా అన్న ఒక్క ప్రశ్నే ఆ 910 చిప్స్ భవిష్యత్తును నిర్ణయిస్తోంది.

రాణుల బదులు రాజులుంటే? అదే జాగ్రత్తపరుడు, అవే మూడు చేతులు. మీ దగ్గర రెండు రాజులున్నాయి కనుక అతనికి ఆసు-రాజు 16 రకాలు కాస్తా ఎనిమిదికి పడిపోతాయి. రాజుల జత ఒకే రకంగా రావాలి. ఆసులు మాత్రం ఆరూ అలాగే ఉంటాయి. సగటు తీస్తే 47 శాతం దాకా వస్తుంది. అంత పిరికి గుంపు మీద కూడా రాజులు నిలబడగలవు. రాణులకూ రాజులకూ మధ్య తేడా ఒక మెట్టే కదా అనిపిస్తుంది. నిర్ణయంలో మాత్రం అది పడేయడానికీ నిలబడడానికీ మధ్య తేడా. మన చేతిలోని ముక్కలు ఎదుటివాడికి రాగల ముక్కలను తగ్గిస్తాయన్న సంగతి గుర్తుపెట్టుకుంటేనే ఇది కనిపిస్తుంది.

కొత్త సమాచారం వచ్చినప్పుడు పాత అంచనాను సవరించుకునే ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ బేయ్స్ అనే మతబోధకుడు. 1761లో ఆయన చనిపోయాక, స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ ఆ కాగితాలను సరిచేసి రాయల్ సొసైటీ ద్వారా 1763లో వెలుగులోకి తెచ్చాడు. మన ఇంటర్ రెండో సంవత్సరం గణితంలో సంభావ్యత పాఠంలో ఉన్నది ఆయన సిద్ధాంతమే. అతను 30 పెట్టడం ఒక సమాచారం. మీరు 90 చేశాక కూడా వెనక్కి తగ్గకపోవడం అంతకంటే బలమైన సమాచారం. ఒక్కో అడుగుకీ 1326 జోడీల్లోంచి కొన్ని రాలిపోతూ చివరికి 28 దగ్గరో 41 దగ్గరో ఆగుతాం.

ఎదురుగా కూర్చున్నప్పుడు మనిషి ముఖం, చేతులు, తడబాటు కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో అవేవీ లేవు. ఉన్నది అతని చరిత్ర. ఎన్ని చేతులు ఆడాడు, ఎన్నిసార్లు పెంచాడు, ఎన్నిసార్లు తిరిగి పెంచాడు అన్న శాతాలను లెక్కగట్టి తెర మీద చూపే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిని కళ్లు మూసుకుని నమ్మేవాళ్లు చాలామంది. ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజు, ఈ నాలుగూ కలిపి 34 రకాలు. అంటే వంద ఆటల్లో రెండు మూడు సార్లకు మించి ఎవరికీ రావు. అలాంటప్పుడు వంద ఆటలు చూసి ఒక మనిషి పెద్ద పందేల స్వభావం తేల్చేయడం పొరపాటు. మొత్తంమీద ఎన్ని చేతులు ఆడతాడన్నది తొందరగా తెలుస్తుంది. ఏ చేతితో సర్వం ఒడ్డుతాడన్నది తెలియాలంటే వేల ఆటలు కావాలి.

ఇక ఆసుల జత. ఒక్క ప్రత్యర్థికి ఏవో రెండు ముక్కలు పడితే అతని మీద ఆసులు వందలో 85 సార్లు గెలుస్తాయి. ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, ఐదుగురుంటే 49, ఎనిమిదిమంది ఉంటే 35. ఈ సంఖ్యలు చూసి "ఎక్కువమంది ఉంటే ఆసులు దెబ్బతింటాయి, అందుకే పెద్ద పందెం వేసి అందర్నీ తరిమేయాలి" అని చెప్పే గురువులున్నారు. వాళ్లు చెప్పిన పని సరైనదే, కారణం తప్పు. అందరూ తలో వంద పెట్టి రివర్ దాకా ఆగారనుకోండి. ఒక్కడే ప్రత్యర్థి అయితే 200లో 85 శాతం, 170 మీ వాటా. లాభం 70. ఎనిమిదిమంది అయితే 900లో 35 శాతం, 315. లాభం 215. మూడింట రెండుసార్లు ఓడిపోతూ కూడా మూడు రెట్లు లాభం.

మరి ఎందుకు పెంచాలి? మొదటి కారణం సాదాసీదా. చేతిలో మేలైన ముక్కలున్నప్పుడే పాట్ పెద్దది కావాలి. రెండోది, నిజమైన ఆటలో అందరూ రివర్ దాకా కళ్లు మూసుకుని ఆగరు. ఫ్లాప్ మీద తొమ్మిది, ఎనిమిది, రెండు పడ్డాయి. నలుగురు ఆటలో ఉన్నారు. ఒకడు పెంచాడు, ఇంకొకడు దాన్ని మళ్లీ పెంచాడు. మీ ఆసులు ఇప్పుడు ముందున్నాయా వెనకబడ్డాయా? నలుగురి గుంపులను ఒకేసారి మనసులో పెట్టుకుని లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు. ప్రత్యర్థి ఒక్కడైతే ఆ లెక్క చేతికి అందుతుంది. పెంచడం వల్ల మనం కొనుక్కునేది ఆ స్పష్టతను.

ఫ్లాప్ దగ్గర ఇంకో చిక్కు. మీరు రాజులతో ఉన్నప్పుడు ఫ్లాప్ మీద కనీసం ఒక ఆసు పడే అవకాశం 23 శాతం. రాణులతో ఉంటే ఆసో రాజో పడే అవకాశం 41. జాకీలకైతే తమకంటే పెద్ద ముక్క పడే అవకాశం 57, అంటే సగం కంటే ఎక్కువ. జాకీలు ఆడటం కష్టమని అందరూ అనేది ఇందుకే. చేతి జతకు తోడు మూడో ముక్క ఫ్లాప్‌లోనే దొరకడం ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. చిన్న జతలు దాని కోసమే ఎదురుచూస్తాయి. పెద్ద జతలు అది లేకుండానే గెలవాలి.

పెద్ద చేయి పడ్డప్పుడు బలహీనంగా ఉన్నట్టు నటించి ఎదుటివాణ్ని లోపలికి లాగడం పాత ఎత్తు. అది మంచిదా కాదా అన్న వాదానికి అంతులేదు. దీని మీద యంత్రాలు చెప్పిన సాక్ష్యం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

పోకర్‌ను గణితంగా చూడటం జాన్ వాన్ నాయ్‌మన్‌తో మొదలైంది. 1928లో ఆయన ఇలాంటి ఆటల మీద సిద్ధాంత పత్రం రాశాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన ఆటల సిద్ధాంత గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేకంగా చోటిచ్చాడు. బెదిరింపు మనస్తత్వానికి సంబంధించిన చమత్కారం మాత్రమే కాదనీ, సరైన ఆటలో గణితపరంగా తప్పనిసరి భాగమనీ అక్కడ చూపించాడు. మంచి ముక్కలతో మాత్రమే పందెం పెంచే మనిషి చేయి అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు అతని ఆసులకు ఎవరూ డబ్బివ్వరు.

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో మైకేల్ బౌలింగ్ బృందం తయారుచేసిన సెఫియస్ అనే ప్రోగ్రాం, ఇద్దరు మాత్రమే ఆడే, పందెం పరిమాణం ముందే ఖాయమైన లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా పరిష్కరించిందని 2015 జనవరిలో సైన్స్ పత్రిక ప్రచురించింది. 4800 ప్రాసెసర్లు 68 రోజులు నడిచాయి. అది మనిషి ఆటలను చూసి నేర్చుకోలేదు. తనతో తానే ఆడుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా "ఇలా కాకుండా అలా చేసి ఉంటే ఎంత వచ్చేది" అని లెక్కగట్టుకుంది. చేయనందుకు ఎక్కువ నష్టం కలిగిన పనికి తర్వాతి ఆటల్లో వాటా పెంచింది. ఇలా కోట్లకు కోట్లసార్లు. ఈ పద్ధతికి పునాది పత్రం కూడా ఆల్బర్టా నుంచే 2007లో వచ్చింది.

లిమిట్ ఆటలో ఒక రౌండులో పందేన్ని ఎన్నిసార్లు పెంచొచ్చన్నదానికి హద్దు ఉంటుంది. ఆసులు పడితే ఆ హద్దు దాకా పెంచాలనే ఎవరికైనా అనిపిస్తుంది. సెఫియస్ డీలర్ స్థానంలో ఉన్నప్పుడు తొలి రౌండులో ఆసుల జతతో ఆ చివరి పెంపు చేసేది పదివేలలో ఒకసారి కంటే తక్కువ. ఏ చేతితో ఎక్కువగా చేస్తుందో తెలుసా? రెండ్ల జతతో. అదీ పదివేలలో ఆరుసార్లు. మిగతా అన్నిసార్లూ పెంచకుండా ఎదుటి పందేనికి సమానంగా పెట్టి, అంటే కాల్ చేసి, ఊరుకుంటుంది. తర్వాతి రౌండ్లలో డీలర్‌దే చివరి మాట కాబట్టి పెంచే అవకాశం ముందుంది. ఇప్పుడు చేయి బయటపెట్టుకోనవసరం లేదు. అది కాల్ చేసిన ప్రతిసారీ ఆ చేతుల్లో ఆసులు కూడా ఉండొచ్చన్న భయం ఎదుటివాడికి మిగులుతుంది.

దీన్ని తీసుకెళ్లి ఆరుగురి బల్ల మీద వాడితే దెబ్బతింటాం. అక్కడి సాక్ష్యం వేరు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన నోమ్ బ్రౌన్, టూమస్ సాండ్‌హోమ్ తయారుచేసిన లిబ్రేటస్ 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో నలుగురు వృత్తి ఆటగాళ్లతో 1,20,000 ఆటలు ఆడి గెలిచింది. అది ఇద్దరి ఆట. 2019లో వాళ్లదే ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ వృత్తి ఆటగాళ్లను మించింది. తొలి రౌండులో పెంచకుండా ఊరికే కనీస పందెం కలిపి లోపలికి రావడం, మొదటి తప్పనిసరి పందెం కట్టినవాడికి తప్ప ఇంకెవరికీ లాభం కాదన్న ఆటగాళ్ల పాత నమ్మకాన్ని ప్లూరిబస్ ఆట ధ్రువపరిచింది. మొత్తానికి నా తీర్పు ఇది. ఆరుగురి బల్ల మీద పెద్ద జత పడితే, లోపలికి వచ్చేటప్పుడు పెంచే రండి. దాచుకోవాలనుకుంటే ఎదుటివాడు ఒక్కడే మిగిలాక, మీ చేయి ఏమిటో అతనికి తెలియనప్పుడు, అప్పుడప్పుడు దాచుకోండి.

ఆన్‌లైన్ ఆట మీద వినిపించే పెద్ద ఫిర్యాదు "నా ఆసులు ఎప్పుడూ ఓడిపోతాయి, సైటులోనే మోసం ఉంది" అన్నది. క్లబ్బులో చేతులతో పంచితే గంటకు 30 ఆటలు సాగుతాయనుకుందాం. ఆసులు ఏడు గంటలకోసారి పడతాయి. ఆన్‌లైన్‌లో గంటకు 70 ఆటల చొప్పున ఒకేసారి నాలుగు బల్లల మీద ఆడితే గంటకు 280 ఆటలు. ఆసులు గంటకోసారి కంటే ఎక్కువ. ఓటములూ ఆ లెక్కనే వస్తాయి. రాజుల జత మీద ఆసులు 82 శాతం గెలుస్తాయి. అలాంటి ఆటలు మూడు వరసగా వస్తే మూడూ గెలిచే అవకాశం 55 శాతమే. ఓడిన ఆట గుర్తుండిపోతుంది, గెలిచినవి మరుపున పడతాయి. నిర్ణయం సరైనదా కాదా అన్నది రివర్ మీద పడ్డ ముక్కను బట్టి తేల్చకూడదు. ముక్క పడకముందు తెలిసిన సమాచారంతో తేల్చాలి.

ఆ ఫిర్యాదుకు ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. 52 ముక్కలు రాగల వరసలు 8 పక్కన 67 సున్నాలు పెట్టినంత. 1999లో ఒక పోకర్ సైటు వాడిన ముక్కలు కలిపే ప్రోగ్రాం, అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను ఆధారంగా తీసుకునేది. దానివల్ల రోజులో సాధ్యమయ్యే వరసలు 8 కోట్ల 64 లక్షలకు కుదించుకుపోయాయి. అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణులు కొందరు తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో సరిచూసుకుని, తమ రెండు ముక్కలూ ఫ్లాప్ మూడూ కనబడగానే మిగతా కట్టంతా చెప్పేయగలమని నిరూపించారు. ఆ లోపం వెంటనే సరిదిద్దారు.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. ప్రతి పాట్‌లోనూ నిర్వాహకుడు కొంత కమీషన్ తీసుకుంటాడు. ఆటగాళ్లందర్నీ ఒక్కటిగా చూస్తే వాళ్లు ఎప్పుడూ నష్టపోతూనే ఉంటారు. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. కానీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా అలాంటి ఆటలు నడపడాన్నీ, వాటి ప్రకటనలనూ, చెల్లింపులనూ దేశమంతటా నిషేధించింది. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ నిర్ణయం అవసరమైనదే అంటాను.

గణితం మాత్రం నిషేధంలో లేదు. ఇంటర్‌లో సంభావ్యత చెప్పే మాస్టార్లకు నా మనవి ఒకటే. క్లాసుకు ఒక పేక కట్ట తీసుకెళ్లండి. రెండు రాజులు తీసి పక్కన పెట్టండి. మిగిలిన 50 ముక్కలు బాగా కలిపి మూడు తెరవమనండి. ఆసు పడిందో లేదో నల్లబల్ల మీద గీత పెట్టించి, ముక్కలు మళ్లీ కలిపించండి. వందసార్లు చేయించి గీతలు లెక్కపెట్టించండి. 23కి దగ్గరగా వస్తుంది, ఒక్కోసారి 15, ఒక్కోసారి 30 కూడా రావచ్చు. అది ఎందుకో పిల్లలనే అడగండి.